అల్పశక్తి – అనల్పఫలం

సంసారం గట్టెక్కడానికి రెండే మార్గాలు. రాబడి పెంచుకోవాలి, లేదా ఖర్చు తగ్గించుకోవాలి. మొదటి మార్గాన్ని గురించి లోకం ఎంతసేపైనా మాట్లాడుతుంది. రెండవదాని ప్రసక్తి వచ్చేసరికి అది లోభి మాట అన్నట్లు పెదవి విరుస్తుంది. ఇంధన సమస్య విషయంలో జరుగుతున్నదీ ఇదే. బొగ్గుకు బదులు సూర్యరశ్మి, పెట్రోలుకు బదులు విద్యుత్తు రావాలని సభలలోను, పత్రికలలోను, పాఠ్యపుస్తకాలలోను కావలసినంత చర్చ ఉన్నది. అసలు ఒక పనికి ఎంత శక్తి అవసరం, వాడుతున్నదానిలో ఎంత వృథా అవుతున్నది అని అడిగేవారు మాత్రం అరుదు.

ఆ ప్రశ్నను జీవితమంతా అడుగుతూ వచ్చి, దాని సమాధానాన్ని ఆకాశంలో ఎగురవేసి చూపినవాడు అమెరికా దేశీయుడు పాల్ మెక్‌క్రెడీ. 2025 సెప్టెంబరు 29 నాటికి ఆయన పుట్టి నూరేళ్లు నిండినవి. సూర్యశక్తితో మనిషిని ఆకాశంలోకి ఎత్తినవాడుగా ఆయన పేరు చరిత్రలో నిలిచింది. కాని ఆయన నేర్పిన పాఠంలో సూర్యుడు సగమే. మిగిలిన సగాన్ని లోకం ఇంకా సరిగా చదువుకోలేదు.

మెక్‌క్రెడీ 1925లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో జన్మించాడు. తరగతిలో అందరికంటె చిన్నవాడుగా, బక్కపలుచగా ఉండేవాడు. ఆటపాటలలో తోటివారితో సమానంగా నెగ్గుకురాలేని ఆ పిల్లవాడి మనస్సు నమూనా విమానాల మీదికి పోయింది. బాల్సా కర్రతో, కాగితంతో చేసిన ఆ బొమ్మలు గాలిలో ఎందుకు నిలుస్తున్నవో, ఎందుకు కూలుతున్నవో అతడు శ్రద్ధగా గమనించేవాడు. పదహారేళ్ల వయస్సులోనే ఒంటరిగా విమానం నడిపాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా నౌకాదళంలో విమానచోదక శిక్షణ పొందాడు. తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో 1952లో విమానశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నాడు.

ఆనాటి నౌకాదళ యుద్ధవిమానాల ఇంజను ఒక్కొక్కటి రెండువేల అశ్వశక్తి కలది. గాలి అడ్డువస్తే ఇంజను బలంతో చీల్చుకుపోవడం, బరువు పెరిగితే ఇంకా పెద్ద ఇంజను బిగించడం ఆ కాలపు పద్ధతి. యుద్ధంలో ఇంధనం ఖర్చును లెక్కించే తీరిక ఎవరికీ ఉండదు. అటువంటి వాతావరణంలో శిక్షణ పొందిన యువకుడు యుద్ధానంతరం ఇంజనే లేని గ్లైడరును ఆశ్రయించడం గమనింపదగిన సంగతి.

గ్లైడరు నడపడమంటే గాలితో బేరమాడడమే. ఎండకు వేడెక్కిన నేలమీదినుండి వెచ్చని గాలి పైకి లేస్తుంది. గద్ద రెక్క కదల్చకుండా సుళ్లు తిరుగుతూ పైకి పోయేది ఆ గాలిమీదనే. గ్లైడరు కూడ అంతే. ఒక ఊర్ధ్వవాయువులో ఎత్తు సంపాదించి, ఆ ఎత్తును ఖర్చుపెడుతూ ముందుకు సాగి, అది హరించేలోగా మరొకదానిని పట్టుకోవాలి. రెండింటి నడుమ ఎంత వేగంగా పోవాలన్నదే చిక్కు. తొందరపడితే ఎత్తు త్వరగా కరిగిపోతుంది. తాత్సారం చేస్తే కాలం కరిగిపోతుంది. ముందు దొరకబోయే గాలి ఎంత బలంగా ఎత్తగలదో అంచనా వేసుకుని, దానినిబట్టి వేగాన్ని నిర్ణయించుకునే సూత్రాన్ని మెక్‌క్రెడీ ఏర్పరచాడు. గ్లైడరు చోదకులు నేటికీ దానిని ఆయన పేరుతోనే వాడుకుంటున్నారు. 1948, 1949, 1953 సంవత్సరాలలో ఆయన అమెరికా జాతీయ విజేత. 1956లో ఫ్రాన్సులో జరిగిన పోటీలో ప్రపంచ విజేత. ఆ గౌరవం పొందిన తొలి అమెరికన్ ఆయనే.

ఆయన కీర్తికి అసలు కారణమైన ఘట్టం మాత్రం ఒక అప్పుతో ఆరంభమైంది. తనకు కావలసినవారి వ్యాపారానికి ఆయన హామీ ఉన్నాడు. వ్యాపారం దెబ్బతిన్నది. సుమారు లక్ష డాలర్ల బాకీ ఆయన నెత్తిన పడింది. 1976లో సెలవులకు కుటుంబంతో ప్రయాణం చేస్తున్నప్పుడు ఆయనకు క్రెమర్ బహుమతి గుర్తుకు వచ్చింది. మనిషి తన కండబలంతోనే విమానం నడిపి, అరమైలు దూరంలో ఉన్న రెండు గుర్తుల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరిగి రావాలి. ఆంగ్లేయ పారిశ్రామికుడు హెన్రీ క్రెమర్ 1959లో ప్రకటించిన ఆ బహుమతి 1973 నాటికి యాభైవేల పౌన్లకు పెరిగినా, దానిని గెలిచినవారు లేరు. ఆ మొత్తం ఇంచుమించు తన బాకీకి సరిపోతుందని మెక్‌క్రెడీ గ్రహించాడు. ఉదాత్తమైన ఆశయంతోనే గొప్ప పనులు మొదలవుతాయన్న నియమం ఏమీ లేదు. ఇరుకునపడ్డ మనిషి బుద్ధి ఒక్కొక్కప్పుడు మరింత చురుకుగా పనిచేస్తుంది.

ఆ ప్రయాణంలోనే ఆయన గద్దల, రాబందుల గమనాన్ని పరిశీలిస్తూ ఒక లెక్క వేశాడు. మనిషి వేలాడుతూ ఎగిరే చిన్న గ్లైడరును అన్ని కొలతలలోను మూడింతలు చేసి, బరువు మాత్రం పెరగకుండా చూడగలిగితే, గాలిలో నిలవడానికి కావలసిన వేగం మూడోవంతుకు తగ్గుతుంది. వేగంతోపాటు అవసరమైన శక్తి కూడ మూడోవంతుకు దిగుతుంది. అంటే సైకిలు తొక్కడంలో ఆరితేరిన మనిషి కొంతసేపు ఇవ్వగల బలం చాలునన్నమాట. ఆ బలం అశ్వశక్తిలో మూడోవంతుకు అటూఇటూ ఉంటుంది. ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ అందే ఈ లెక్కలో ఒక పరమసత్యం ఇమిడి ఉన్నది. శక్తి చాలనప్పుడు శక్తిని పెంచడమొక్కటే దారి కాదు. అవసరాన్ని శక్తికి తగినట్లు దించవచ్చును.

అట్లా పుట్టిన విమానమే గాసమర్ కాండోర్. రెక్కల పొడవు 96 అడుగులు; డి.సి.–9 జెట్ విమానపు రెక్కలకంటె కొంచెం ఎక్కువే. బరువు సుమారు 70 పౌన్లు, అనగా 32 కిలోలు. సన్నని అల్యూమినియం గొట్టాలు, బిగించి కట్టిన తీగలు, పలుచని ప్లాస్టిక్ పొర, అతికించే టేపు దాని సామగ్రి. అంతకుముందు ఈ ప్రయత్నం చేసినవారు నెలల తరబడి అందంగా, నునుపుగా చెక్కిన విమానాలు తయారుచేసేవారు. ఒకసారి కూలితే బాగుచేయడానికి మళ్లీ నెలలు పట్టేది. మెక్‌క్రెడీ విమానం తరచుగా విరిగేది. కాని విరిగినంత సులభంగానే అతుక్కునేది. గొట్టానికి చీపురుకర్ర కట్టి ఎగిరిన రోజులు కూడ ఉన్నవి. అందువల్ల ఇతరులు ఏడాదిలో నేర్చినది ఆయన బృందం వారాలలో నేర్చుకున్నది. తప్పు జరగకుండా చూడడంలో కాలమంతా గడిపేవారికంటె, తప్పు చవుకగా జరిగి త్వరగా దిద్దుకొనే ఏర్పాటు చేసుకున్నవాడు ముందుకు పోతాడు. ఎర్రసిరాతో కొట్టివేసిన లెక్కను మళ్లీ చేయడానికి విద్యార్థికి అవకాశమివ్వని పాఠశాలలు ఈ విషయం ఆలోచించవలసి ఉన్నది.

1977 ఆగస్టు 23న కాలిఫోర్నియాలోని షాఫ్టర్ విమానాశ్రయంలో బ్రయన్ ఆలెన్ అనే యువకుడు కాండోర్‌ను తొక్కి, ఎనిమిది అంకె పూర్తిచేశాడు. పద్దెనిమిదేళ్లుగా ఎవరికీ దక్కని బహుమతి మెక్‌క్రెడీకి దక్కింది. దాని తరువాతి రూపమైన గాసమర్ ఆల్బట్రాస్‌లో అదే ఆలెన్ 1979 జూన్ 12న ఇంగ్లీషు ఛానెల్‌ను దాటాడు. ఎదురుగాలి వీచింది, తెచ్చుకున్న నీరు దారిలోనే అయిపోయింది. అయినా రెండు గంటల నలభైతొమ్మిది నిమిషాలు పెడళ్లు తొక్కి అతడు ఫ్రాన్సు తీరం చేరుకున్నాడు.

కండబలంనుండి సూర్యబలానికి అడుగు వేయడం ఆ దశలో సహజంగానే జరిగింది. సూర్యరశ్మి అపారమని అందరూ అంటారు. అపారమే, కాని పలుచన. మిట్టమధ్యాహ్నం నిర్మలాకాశంలో ఒక చదరపు మీటరు మేర పడే ఎండ శక్తి సుమారు ఒక కిలోవాటు. 1980 ప్రాంతపు సౌరఘటాలు అందులో ఏడెనిమిది వంతులకు ఒక వంతు మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగేవి. బరువైన యంత్రానికి ఆ కొద్దిపాటి శక్తి ఏ మూలకు? మనిషి కాలిబలంతో ఎగిరే విమానాన్ని అప్పటికే చేసి ఉన్నవాడికి మాత్రం అది చాలినంత సంపద. సూర్యశక్తి పొదుపరికే లొంగుతుందని మెక్‌క్రెడీ ఈ విధంగా నిరూపించాడు.

గాసమర్ పెంగ్విన్ అనే విమానాన్ని ఆయన సౌరఘటాలతో సిద్ధం చేశాడు. బరువు తక్కువగా ఉండాలి గనుక మొదటి పరీక్షలలో దానిని నడిపినవాడు ఆయన పదమూడేళ్ల కుమారుడు మార్షల్. 1980 మే 18న ఆ బాలుడు కేవలం సూర్యశక్తితో గాలిలోకి లేచాడు. తరువాత ఆ విమానానికి నియమితురాలైన చోదకురాలు జానిస్ బ్రౌన్. ఆమె కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో పాఠశాల ఉపాధ్యాయిని. విమానాలు, గ్లైడర్లు నడపడంలో అనుభవం గడించినది. 1980 ఆగస్టు 7న ప్రజల సమక్షంలో ఆమె పద్నాలుగు నిమిషాల ఇరవైయొక్క సెకన్లలో సుమారు రెండు మైళ్లు ఎగిరింది. సూర్యశక్తి విమానయాన చరిత్రలోని తొలిపుటలలో ఒక విద్యార్థి పేరు, ఒక ఉపాధ్యాయిని పేరు ఉండడం పాఠశాలలవారికి సంతోషం కలిగించే విషయం.

1981 జూలై 7న సోలార్ ఛాలెంజర్ పారిస్ సమీపంనుండి బయలుదేరింది. రెక్కలమీద, తోకమీద 16,128 సౌరఘటాలు ఉన్నవి. నిలవచేసిన విద్యుత్తు ఏదీ అందులో లేదు. స్టీఫెన్ టాసెక్ నడిపిన ఆ విమానం 163 మైళ్లు పయనించి, ఐదు గంటల ఇరవైమూడు నిమిషాల తరువాత ఇంగ్లండులోని మాన్‌స్టన్ వైమానిక స్థావరంలో దిగింది. రేపటి ప్రయాణికులందరూ సూర్యవిమానాలలో తిరుగుతారని మెక్‌క్రెడీ ఎన్నడూ ఆశపెట్టలేదు. ఇళ్లలోను, పరిశ్రమలలోను వాడదగిన, తరగని, మలినం లేని శక్తిగా సౌరవిద్యుత్తు ప్రజల దృష్టికి రావాలన్నదే ఆయన ఉద్దేశం. అది నెరవేరినది.

అదే పొదుపు నేలమీదికి దిగినప్పుడు 1987లో సన్‌రేసర్ అనే సూర్యరథమైంది. జనరల్ మోటార్స్ సంస్థకోసం ఆయన బృందం రూపొందించిన ఆ వాహనం ఆస్ట్రేలియాలో డార్విన్ నుండి ఆడిలైడ్ వరకు మూడువేల కిలోమీటర్ల పందెంలో గంటకు సగటున 66.9 కిలోమీటర్ల వేగంతో గెలిచింది. మధ్యాహ్నపు ఎండలో దానికి అందిన శక్తి సుమారు ఒకటిన్నర కిలోవాట్లు. నీళ్లు కాచుకునే గృహోపకరణానికి సరిపోయేంత. గాలిని చీల్చకుండా ఒదిగి జారిపోయే ఆకారమే ఆ విజయానికి మూలం. ఆ అనుభవంతోనే అదే సంస్థకు ఇంపాక్ట్ అనే విద్యుత్ కారు నమూనాను తయారుచేశారు. దానిని 1990 జనవరిలో ప్రదర్శించారు. కొంత భాగం విద్యుత్ కార్లు అమ్మి తీరవలెనని కాలిఫోర్నియా ప్రభుత్వం ఆ ఏడే నిబంధన చేయడానికి ఆ నమూనా కూడ ఒక ప్రేరణ. 1996లో ఆ కారు ఇ.వి.–1 అనే పేరుతో రోడ్డుమీదికి వచ్చింది.

మెక్‌క్రెడీ చరిత్రను ఇంతటితో ఆపితే అది స్తోత్రపాఠమవుతుంది. ఆయన కృషికి దెబ్బలు తగిలినవి. ఇ.వి.–1 కార్లు వెయ్యికి పైగా తయారైనా, అద్దె ఒప్పందం మీద ఇచ్చిన వాటిని సంస్థ వెనుకకు తీసుకుని చాలవాటిని నుజ్జు చేయించింది. ఆయన స్థాపించిన ఏరోవైరన్‌మెంట్ సంస్థ నాసాతో కలిసి రూపొందించిన హీలియోస్ అనే మానవరహిత సూర్యవిమానం 2001 ఆగస్టు 13న 96,863 అడుగుల ఎత్తుకు చేరింది. రాకెట్ సాయం లేని రెక్కల విమానం ఏదీ అంతవరకు అంత ఎత్తున నిలకడగా ఎగరలేదు. రెండేళ్లు తిరగకుండానే, 2003 జూన్ 26న, అది గాలి ఒడుదుడుకులకు ముక్కలై పసిఫిక్ సముద్రంలో పడిపోయింది. అన్నింటికంటె ఆలోచింపజేసే విషయం మరొకటి ఉన్నది. తేలికగా, కొద్ది శక్తితో ఎగరగల యంత్రాల విద్య సైన్యానికి కూడ పనికివచ్చింది. 1991 గల్ఫ్ యుద్ధంలోనే ఆ సంస్థ చేసిన చిన్న మానవరహిత విమానాలు శత్రుస్థావరాల జాడ తీశాయి. నేడు ఆ సంస్థ పేరు సైనిక విమానాలతోనే ఎక్కువగా ముడిపడి ఉన్నది. మితవ్యయం తనంతట తాను ధర్మం కాదు. ఏ పనికి వినియోగిస్తున్నారన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు లెక్కల పుస్తకంలో జవాబు దొరకదు.

ఇక ఈనాటి సంగతి. మెక్‌క్రెడీ 2007 ఆగస్టు 28న కన్నుమూశాడు. ఆ తరువాత సౌరఫలకాల ధర ఎవరూ ఊహించనంతగా పడిపోయింది. 2025 జనవరి నాటికి ఒక్క భారతదేశంలోనే సౌరవిద్యుత్ స్థాపిత సామర్థ్యం నూరు గిగావాట్లు దాటింది. ఆయన కోరిన రాబడి వచ్చింది. మరి ఖర్చు? 2023లో ప్రపంచమంతటా అమ్ముడైన కార్లలో సుమారు సగం ఎత్తైన, బరువైన ఎస్.యు.వి.లే. ఇ.వి.–1 బరువు 1,400 కిలోలు. దానిని చేసిన సంస్థయే 2021 చివర అమ్మకానికి తెచ్చిన విద్యుత్ హమ్మర్ బరువు నాలుగు టన్నుల పైమాట. అందులో బ్యాటరీ బరువే ఇంచుమించు ఒక ఇ.వి.–1 కారంత. రెండింటినీ విద్యుత్ వాహనాలనే అంటున్నారు. రెండూ పొగ విడువవు. కాని ఒకే ఒక్క మనిషిని కార్యాలయానికి చేర్చడానికి నాలుగు టన్నుల లోహాన్ని కదిలించడం మెక్‌క్రెడీ మార్గం కాదు. ఆ బ్యాటరీకి కావలసిన ఖనిజాలను ఎక్కడో ఒకచోట భూమిని తవ్వి తీయాలి. దానిని నింపే విద్యుత్తు కోసం మరికొన్ని ఎకరాల నేలను ఫలకాలతో కప్పాలి. ఓటికుండలో పోసే నీరు ఎంత నిర్మలమైనదైనా కుండ నిండదు.

దీనికి న్యాయమైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. కడుపు నిండినవాడు పొదుపు బోధిస్తే ఎట్లా? దీపమే లేని ఇంటికి వెళ్లి విద్యుత్తు తగ్గించుకోండని చెప్పడం అన్యాయం కాదా? అన్యాయమే. కాని మెక్‌క్రెడీ బోధించినది అనుభవించే ఫలాన్ని తగ్గించుకోమని కాదు. ఆయన విమానంలో కూర్చున్న మనిషి నిజంగానే ఎగిరాడు. తక్కువ శక్తితో అదే ఫలం పొందడం పేదవాడికే ముందు లాభిస్తుంది. అరవై వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురును తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపం ఇస్తున్నది. ఒక పాత బల్బుకు చాలని చిన్న సౌరఫలకం ఇప్పుడు నాలుగు గదులకు వెలుగు ఇవ్వగలదు. 2015లో ప్రారంభమైన ఉజాలా పథకం కింద భారతదేశంలో 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. దీపాలు పంపిణీ అయినవి. ఏ ఇంట్లోనూ చీకటి పెరగలేదు. విద్యుత్ చీటీలో మొత్తం తగ్గింది.

మెక్‌క్రెడీ జీవిత చరమభాగంలో తన ఉపన్యాసాలలో తరచు ఒక లెక్క చెప్పేవాడు. నేలమీద, గాలిలో సంచరించే వెన్నెముక గల ప్రాణుల మొత్తం బరువులో మనుష్యులు, వారి పశువులు, పెంపుడు జంతువులు కలిసి పదివేల ఏళ్ల క్రితం వెయ్యింట ఒక వంతు ఉండగా, ఇప్పుడు నూటికి తొంభైయెనిమిది వంతులైనట్లు ఆయన అంచనా. అంకెలలో కొంత హెచ్చుతగ్గులున్నా దాని భావం స్పష్టమే. మనుష్యజాతి గెలిచింది. గెలిచినవాడు ఇంకా మీదికి దూకుతూనే ఉంటే మిగిలేదేమిటన్నది ఆయన ఆందోళన. పక్షిని గురువుగా స్వీకరించినవాడికి పక్షులకు చోటు మిగలదేమోనన్న బెంగ కలగడంలో ఆశ్చర్యం లేదు.

పాఠశాలలలో సౌరశక్తిని గురించి వ్యాసాలు రాయిస్తున్నారు; నమూనాలు చేయిస్తున్నారు. మంచిదే. ఆ వ్యాసాలలో ప్రతిసారీ తరగని ఇంధనాల పట్టిక ఉంటుంది. దానితోపాటు మరొక అభ్యాసం చేయించడానికి ఖర్చేమీ లేదు. పాఠశాలలోని పంకాల మీద, దీపాల మీద రాసి ఉన్న వాట్లు విద్యార్థులచేత చదివించాలి. అవి రోజుకు ఎన్ని గంటలు తిరుగుతున్నవో, అందులో ఎన్ని గంటలు ఖాళీ గదిలో తిరుగుతున్నవో రాయించాలి. పాత పంకా డెబ్బైయైదు వాట్లు వాడే చోట కొత్తరకం పంకా ముప్పై వాట్లతో అదే గాలి ఇస్తున్నదని తెలిసినప్పుడు, కప్పుమీద ఎన్ని ఫలకాలు చాలునో వారే లెక్క కట్టగలరు. అరమైలు దూరపు గుర్తుల చుట్టూ ఎగరడానికి ఎంత బలం చాలునని 1976లో మెక్‌క్రెడీ వేసుకున్న లెక్క కూడ దాదాపు ఇంతటి సులభమైనదే. తరగతిలో అందరికంటె చిన్నగా ఉండి, ఆటలలో వెనుకబడి, కాగితపు విమానం చేసుకుంటూ చివరి బల్లమీద కూర్చున్న పిల్లవాడికి ఆ లెక్క బహుశా అందరికంటె ముందు నచ్చుతుంది.